కింది పెదవి లావుగా ఉందని ఆపరేషన్ చేయించుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 25. మాది గుంటూరు, బ్రాడీపేట. చిన్నప్పటి నుంచి నా కింది పెదవి కాస్త లావు. నేనెప్పుడూ పెద్దగా పట్టించుకోలేదు. మొన్న పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు మధ్యవర్తితో 'అమ్మాయి బాగుంది కానీ పెదవి లావు' అన్నారట. అప్పటి నుంచి మా మేనత్త ఆపరేషన్ చేయించుకోమని ఒకటే పోరు. ఒక బ్యూటీ పార్లర్‌లో అడిగితే కోత ఎందుకు, పై పెదవికి ఫిల్లర్ (ఉబ్బించే జెల్) వేస్తే రెండూ సమానంగా కనిపిస్తాయి, మా దగ్గర సూది కూడా లేకుండా పెన్నుతో వేస్తాం అన్నారు. కార్తీకంలో ముహూర్తాలున్నాయి, ఈలోపు ఏదో ఒకటి చేయించుకుందామని ఉంది. ఏది మంచిది? ప్రమాదం ఏమైనా ఉంటుందా?

జవాబు: ముందు ఆ పెన్ను సంగతి తేల్చేద్దాం, మీరు రేపో మాపో వెళ్ళి కుర్చీలో కూర్చునేలా ఉన్నారు కాబట్టి. వద్దమ్మా. సూది లేదంటే ప్రమాదం లేదని కాదు. ఆ పెన్ను ఒత్తిడితో జెల్‌ను చర్మంలోకి చిమ్ముతుంది, అది ఎంత లోతుకు వెళ్ళిందో, ఎంత వెళ్ళిందో చేసేవాళ్ళ చేతిలో ఉండదు. అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2021లోనే ఈ పెన్నులు వాడొద్దని జనానికి, డాక్టర్లకు కూడా హెచ్చరిక ఇచ్చింది. పైగా ఆ గొట్టంలో ఉన్నది ఏమిటో మీకు తెలియదు. ఒక్కోచోట ద్రవ సిలికాన్ కూడా ఎక్కించేస్తుంటారు, అది ఒకసారి లోపలికి వెళ్ళిందంటే పూర్తిగా తీయడం ఎవరి వల్లా కాదు, ఏళ్ళ తర్వాత కూడా గడ్డలు కడుతుంది.

డాక్టర్ సూదితో వేసే ఫిల్లర్ వేరు. అందులో ఉండేది ఎక్కువగా హయలురోనిక్ యాసిడ్ జెల్, సుమారు ఆరు నెలల నుంచి ఏడాది వరకు నిలిచి తర్వాత మెల్లగా కరిగిపోతుంది. వాపు, కమిలిన మచ్చలు కొన్నాళ్ళుంటాయి, అవి సమస్య కాదు. అసలు భయం పెదవుల్లో రెండు వైపులా నడిచే రక్తనాళాలతో. జెల్ పొరపాటున నాళంలోకి వెళ్తే ఆ మేర రక్తం ఆగిపోతుంది. పెదవి ఒకచోట తెల్లగా పాలిపోతుంది, వేలితో నొక్కి వదిలితే ఎరుపు వెంటనే తిరిగి రాదు, నొప్పి విపరీతంగా ఉంటుంది (మత్తు ఇచ్చి ఉంటే అది కూడా తెలియకపోవచ్చు), తర్వాత నీలి మచ్చలు గజిబిజిగా కనిపిస్తాయి. హయలురోనిడేజ్ అనే ఇంజెక్షన్‌తో ఆ జెల్‌ను కరిగించొచ్చు గానీ గంటల్లో చేయాలి, ఆలస్యమైతే అక్కడి కండ చచ్చిపోయి పుండు పడుతుంది. కాబట్టి ఎవరి దగ్గరకు వెళ్ళినా 'ఆ మందు మీ దగ్గర ఇప్పుడు ఉందా, చూపించండి' అని అడగండి. పార్లర్‌లో అడిగితే ఆ పేరే విని ఉండరు.

ప్రమాదం పక్కన పెట్టినా, మీకు ఫిల్లర్ అందంగా ఉంటుందని నాకు అనిపించడం లేదు. కింది పెదవి ఇప్పటికే నిండుగా ఉన్నప్పుడు పై పెదవినీ ఉబ్బిస్తే మూతి మొత్తం ముందుకొచ్చినట్టు కనిపిస్తుంది. ఉన్న లావు కనిపించకుండా ఇంకో లావు చేర్చడం నా లెక్కలో వైద్యం కాదు, వ్యాపారం.

ఇక ఆపరేషన్. పెదవి తగ్గించే సర్జరీ మేం చేస్తూనే ఉంటాం, అది బూతు మాటేం కాదు. కానీ కత్తి పట్టేముందు లావు ఎక్కడిదో చూడాలి. మన దగ్గరకు వచ్చేవాళ్ళలో చాలామందికి పెదవి మామూలుగానే ఉంటుంది, ముందు పళ్ళు ఎత్తుగా ఉండి పెదవిని బయటికి నెడతాయి. ఇంట్లోనే చూసుకోవచ్చు: అద్దం ముందు కూర్చుని మూతి పూర్తిగా వదులు చేయండి. పెదవులు వాటంతట అవి కలవకుండా, బలవంతంగా మూస్తేనే కలుస్తూ, అప్పుడు గడ్డం మీద చర్మం గుంటలు గుంటలుగా ముడుచుకుంటే మీ సమస్య పళ్ళది. విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీలో పళ్ళు సరిచేసే విభాగం ఉంది, ఒకసారి చూపించుకోండి. క్లిప్పులతో ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది నిజమే, కానీ పళ్ళు లోపలికి వెళ్తే పెదవి కూడా దానంతటదే వెనక్కి తగ్గుతుంది. ఈ సంగతి చూడకుండా పెదవి కోస్తే పెదవి పలచన అవుతుంది, పళ్ళు ఇంకా బయటపడతాయి.

మీది చిన్నప్పటి నుంచి ఉన్నది కాబట్టి జబ్బు కాకపోవచ్చు. ఈమధ్యే లావెక్కినా, ఉబ్బుతూ తగ్గుతూ ఉన్నా లిప్‌స్టిక్ ఎలర్జీ, కొన్ని రకాల బీపీ మాత్రలు, ఇంకా కొన్ని జబ్బులు చూడాల్సి వస్తుంది.

పళ్ళు బాగానే ఉన్నాయి, పెదవే లావు అని తేలిందనుకోండి. పెదవికి మాత్రమే మత్తిచ్చి, లోపలి తడి భాగంలో అడ్డంగా ఒక చీలిక కండ తీసి, కరిగిపోయే దారంతో కుట్టేస్తారు. గంట పని, మచ్చ బయటికి కనిపించదు. మొదటి రెండు మూడు రోజులు పెదవి ఇప్పటికన్నా లావుగా ఉంటుంది, చాలామంది అప్పుడే ఏడుస్తూ ఫోన్ చేస్తారు. రెండు వారాల్లో వాపు చాలావరకు పోతుంది, అసలు ఆకారం తెలియాలంటే మూడు నుంచి ఆరు నెలలు. కుట్లు మానేదాకా కారం, వేడి, పులుపు ముట్టుకోకూడదు. గుంటూరులో ఉండి రెండు వారాలు ఆవకాయ, గోంగూర లేకుండా అన్నం తినడం ఆపరేషన్ కంటే కష్టమని మీకే తెలుస్తుంది.

నష్టాల్లో తిమ్మిరి కొన్ని వారాలు ఉండి ఎక్కువమందికి పోతుంది, కొద్దిమందికి కాస్త మిగిలిపోతుంది. రెండు వైపులా తేడా రావచ్చు, కుట్టు దగ్గర గట్టిగా తగలొచ్చు, చిన్న లాలాజల గ్రంథి మూసుకుపోయి నీటి బుడగ రావచ్చు. జ్వరం వచ్చి తగ్గాక మీకు మూతి పేలే అలవాటుంటే ముందే చెప్పండి, దానికి కారణమైన వైరస్ మళ్ళీ లేవకుండా మాత్రలిస్తారు. అన్నిటికన్నా పెద్ద తప్పు ఎక్కువ తీసేయడం. జాకెట్టు గుడ్డ ఎక్కువ కత్తిరించినట్టే, మళ్ళీ అతకదు. అందుకే మంచి సర్జన్ మీరడిగిన దానికన్నా కొంచెం తక్కువే తీస్తాడు. ఇంకో సంగతి, వయసుతో పాటు అందరి పెదవులూ పలచబడతాయి. 25లో లావనిపించింది 45లో చక్కగా సరిపోతుంది, ఇప్పుడే బాగా తగ్గించేసుకుంటే అప్పుడు మిగిలేది గీత. కింది పెదవి పై పెదవి కన్నా నిండుగా ఉండడం మామూలే, చాలా ముఖాలకు అదే అందం. సెల్ఫీ చూసి తూకం వేయకండి, ఫోన్ మరీ దగ్గర పెడితే ముఖం మధ్య భాగమంతా పెద్దదిగా వస్తుంది.

నన్ను ఇబ్బంది పెట్టింది మీ ప్రశ్నలో ఒక మాట: 'నేనెప్పుడూ పట్టించుకోలేదు'. పదేళ్ళుగా మీకే బాధగా ఉండి రాసుంటే నేను వేరేగా జవాబిచ్చేవాణ్ణి. ఇంకా ఖాయం కాని సంబంధం వాళ్ళు కాఫీ తాగి వెళ్తూ అన్న మాట కోసం, మేనత్త గారి తొందర కోసం కోత పెట్టించుకోవద్దు. కార్తీకం లోపు అసలే వద్దు, ఆపరేషన్‌కీ పెళ్ళికీ మధ్య కనీసం నాలుగు నెలలు ఉండాలి, లేకపోతే పెళ్ళి ఫొటోల్లో వాపు కనిపిస్తుంది.

ఆరు నెలలు ఆగాక కూడా మీకే కావాలనిపిస్తే నిరభ్యంతరంగా చేయించుకోండి. ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్., డీఎన్‌బీ లేదా డీఆర్‌ఎన్‌బీ డిగ్రీ చేసినవాళ్ళేనా, ఏపీ మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయ్యారా అని చూసుకోండి. ఆరోగ్య బీమా ఈ ఖర్చు ఇవ్వదు కాబట్టి మొత్తం ఎంతవుతుందో, తేడా వస్తే మళ్ళీ సరిచేయడానికి ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి. వెళ్ళే రోజు లిప్‌స్టిక్ వేసుకోకుండా, పక్క నుంచి తీసిన పాత ఫొటోలు రెండు పట్టుకెళ్ళండి, వాళ్ళు చేసిన కేసుల్లో ఆరు నెలల తర్వాతి ఫొటోలు అడిగి చూడండి. వారం రోజుల ఫొటోలే చూపిస్తే ఇంకో డాక్టర్‌ను కలవండి.