ఉద్యోగం మానేసి ప్రపంచం తిరిగొస్తే మనసు కుదుటపడుతుందా?

ఈ మధ్య వస్తున్న ఉత్తరాల్లో ఒకటే మాట మళ్ళీ మళ్ళీ కనిపిస్తోంది, అన్నీ వదిలేసి ఎటైనా వెళ్ళిపోవాలనుంది అని. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊళ్ళు మాత్రమే వేస్తున్నాను.

ప్రశ్న: అక్కా నమస్తే. నాకు 34. ఐటీలో డెలివరీ లీడ్‌ని, పదకొండేళ్ళ సర్వీసు. పగలు ఇక్కడి టీమ్, రాత్రి అమెరికా క్లయింట్, మధ్యలో ఎస్కలేషన్లు, పక్కెక్కేసరికి రెండవుతోంది, ఎక్కినా నిద్ర పట్టదు. కాల్ రింగ్ వినిపిస్తే గుండె దడ. ఒకప్పుడు రిలీజ్ బాగా వెళ్తే టీమ్ అందరికీ పార్టీ ఇచ్చేవాణ్ణి, ఇప్పుడు బాగా వెళ్ళినా పోయినా ఏమీ అనిపించట్లేదు. రిజైన్ చేసేసి ఒక ఏడాది రిషికేశ్, బాలి, జపాన్, స్పెయిన్‌లో ఆ కామినో నడక, ఇలా తిరిగి మనశ్శాంతి వెతుక్కుందామని ఉంది. పెళ్ళి కాలేదు. 18 లక్షలు దాచాను, ఫ్లాట్ ఈఎంఐ 41 వేలు. ఏలూరులో అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఏడుస్తోంది, నాన్న అయితే తిన్నది అరక్క అంటున్నారు. నాది పిరికితనమా అక్కా? — హైదరాబాద్

జవాబు: తమ్ముడూ, పిరికితనం కాదు, తిన్నది అరక్కా కాదు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, అందులో ప్రయాణం గురించి రాసింది ఒక్క లైనే, మిగతాదంతా అలసట గురించే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ని తన పట్టికలో జబ్బుగా కాకుండా పని వల్ల వచ్చే పరిస్థితిగా చేర్చి దానికి మూడు గుర్తులు చెప్పింది, ఒంట్లో సత్తువ అంతా అయిపోవడం, చేసే పని మీద మనసు విరిగిపోవడం, ఎంత చేసినా ఏమీ చేయలేకపోతున్నానని అనిపించడం. మొదటి రెండూ నీ ఉత్తరంలో స్పష్టంగా ఉన్నాయి, మూడోది నువ్వు రాయలేదు గానీ ఉండే ఉంటుందని నా అనుమానం.

అందుకని ముందు ఒకటి అడుగుతాను, ఈ నెలలో మాత్రం రిజైన్ చెయ్యకు. ఉన్న లీవులన్నీ కలిపి మూడు వారాలు పెట్టి, లాప్‌టాప్ ఆఫీసులోనే వదిలేసి ఏలూరు వెళ్ళి పడుకో, నిజంగానే పడుకో, అమ్మ వండింది తిని. డాక్టర్‌కి చూపించుకుని థైరాయిడ్, బి12, షుగర్, బీపీ చూపించు, గుండె దడ సంగతి తప్పకుండా చెప్పు, నిద్ర పట్టకపోవడం ఏమీ అనిపించకపోవడం ఇన్ని రోజులుగా ఉంటే అది డిప్రెషన్ కూడా అయ్యుండొచ్చు, సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళడానికి మొహమాటపడకు. రాత్రి పూట మరీ బరువుగా అనిపిస్తే టెలీ మానస్ 14416 ఉంది, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. బాలి ఇదంతా నయం చేస్తుందని అనుకుని టికెట్ కొంటే అక్కడ కూడా రాత్రి రెండింటికి మేలుకునే ఉంటావు, పక్కన మాట్లాడేవాళ్ళు కూడా ఉండరు, అది నాకు భయం.

మూడు వారాల తర్వాత కూడా వెళ్ళాలనే ఉంటే వెళ్ళు, నేను అడ్డు చెప్పను సరికదా సంతోషిస్తాను. కానీ నువ్వు రాసిన లిస్ట్‌తో మాత్రం వద్దు. ఏడాదిలో అన్ని దేశాలంటే ప్రతి చోటా వీసా, ఫ్లైట్, రూమ్, సిమ్, కరెన్సీ, రేపెక్కడ ఎల్లుండెక్కడ, పొద్దున్న లేస్తే మళ్ళీ నిర్ణయాలే, నువ్వు అలసిపోయిందే వాటి వల్ల కదా. నాకు తెలిసి తిరిగొచ్చి నిజంగా మారినట్టు కనిపించినవాళ్ళు ఎక్కువ చోట్లు చూసినవాళ్ళు కాదు, ఒక్క చోట ఎక్కువ రోజులు ఉన్నవాళ్ళు.

కామినో, అంటే స్పెయిన్‌లోని ఆ పాత క్రైస్తవ తీర్థయాత్ర దారి, అందరికీ నచ్చడానికి కారణం కూడా అదేనని నా నమ్మకం. ఫ్రాన్స్ సరిహద్దులో సాన్ జాన్ పీయె ద పోర్ నుంచి సాంటియాగో దాకా 780 కిలోమీటర్ల చిల్లర, నెల పైన పడుతుంది. అయితే రోజు మొత్తంలో నువ్వు ఆలోచించాల్సింది ఎంత దూరం నడవాలి, ఎక్కడ తినాలి, అంతే. పసుపు బాణం గుర్తు ఎటు చూపిస్తే అటు నడుస్తావు, మధ్యాహ్నం దాటాక ఆల్బెర్గే అనే సత్రానికి చేరతావు, బూట్లు గుమ్మం దగ్గర అరలో పెట్టేసి, యాత్రికుల పాస్‌పోర్ట్ అనే అట్ట మీద ముద్ర వేయించుకుని, సాక్సులు ఉతికి తాడు మీద ఆరేసి, కాలి బొబ్బలకి మందు రాసుకుంటావు, రాత్రి పదింటికి లైట్లు ఆపేస్తారు, పొద్దున్నే మంచం ఖాళీ చెయ్యాలి. పడక ఖర్చు తక్కువే. మన తీర్థయాత్ర సత్రాల పద్ధతే దాదాపు, దేవుణ్ణి నమ్మనివాళ్ళు కూడా వెళ్తారు. అంతా నడవనక్కర్లేదు, సరియా అనే ఊరి నుంచి చివరి 100 కిలోమీటర్ల పైచిలుకు నడిచినా సర్టిఫికెట్ ఇస్తారు, అది వారం లోపు పని.

ఇక్కడే ఒక అసలు విషయం, ఎవరూ ముందు చెప్పరు. స్పెయిన్ లాంటి యూరప్ దేశాలకి వెళ్ళడానికి కావాల్సిన షెన్‌గెన్ వీసాకి మామూలుగా సాలరీ స్లిప్పులు, కంపెనీ ఇచ్చే లీవ్ లెటర్, ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు. ఉద్యోగం వదిలేశాక మొదటి రెండూ ఉండవు, వీసా రాదని కాదు గానీ తిరిగి వస్తావన్న నమ్మకం వాళ్ళకి కలిగించడం కష్టమవుతుంది. ఏం చేసినా అబద్ధపు కాగితాలు మాత్రం పెట్టకు. స్పెయిన్ మీద అంత మనసుంటే ఉద్యోగంలో ఉండగానే లీవు మీద సరియా నుంచి నడిచి రా. అసలు ముందు హెచ్‌ఆర్‌ని సబాటికల్ అడిగావా? చాలా కంపెనీల్లో జీతం లేకుండా కొన్ని నెలలు ఇస్తారు, పాలసీలో రాసి ఉన్నా ఎవరూ అడగరు.

ఇంకా దగ్గర్లో కావాలంటే నీ ఊళ్ళోనే ఉంది. నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త, 1976 నుంచి నడుస్తున్న విపస్సన కేంద్రం, విపస్సన అంటే బౌద్ధ ధ్యాన పద్ధతి, పది రోజుల కోర్సు. ఫోన్ తీసేసుకుంటారు, పుస్తకం పెన్ను కూడా ఉండవు, నాలుగింటికి గంట కొడతారు, తొమ్మిది రోజులు ఎవరితోనూ మాట కంటిచూపు సైగ ఏవీ ఉండవు, కొత్తవాళ్ళకి సాయంత్రం టీ, పళ్ళు, కాస్త మరమరాలు లాంటివి తప్ప భోజనం లేదు. ఫీజు లేదు, పూర్తి చేశాక ఇవ్వాలనిపిస్తే ఇస్తావు. అప్లికేషన్‌లో మానసిక సమస్యలున్నాయా, మందులు వాడుతున్నావా అని అడుగుతారు, దాచకుండా రాయి, ఒంట్లో బాలేనప్పుడు అంత గట్టి ధ్యానం కొందరికి పడదు, అందుకే నిన్ను ముందు డాక్టర్ దగ్గరికి పొమ్మన్నాను.

ఈ కోర్సు మన దేశానికి తెచ్చిన గోయెంకా గారి కథ నీకు పనికొస్తుంది. రంగూన్‌లో పెద్ద వ్యాపారి, భరించలేని మైగ్రేన్, మార్ఫిన్ ఇంజెక్షన్ల దాకా వెళ్ళింది. 1955లో ధ్యానం నేర్పే సయాజీ ఊ బా ఖిన్ దగ్గరికి వెళ్తే, తలనొప్పి తగ్గించుకోడానికైతే రావద్దు అని ముందు పంపించేశారు, ఆ తర్వాత వేరే ఉద్దేశంతో వస్తేనే చేర్చుకున్నారు. ఆ ఊ బా ఖిన్ ఎవరనుకున్నావు, అడవిలో ఉండే సన్యాసి కాదు, బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్, ఫైళ్ళూ లెక్కలూ చూసుకునే పెద్ద ఆఫీసర్, పెళ్ళాం పిల్లలున్న మనిషి, తన ఆఫీసులోనే స్టాఫ్‌కి ధ్యానం నేర్పేవారు. గోయెంకా గారు కూడా ఆ కోర్సు అయ్యాక వ్యాపారం చూసుకుంటూనే ఏళ్ళ తరబడి సాధన చేసి 1969లో ఇండియా వచ్చారు.

వదిలి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు, లేకపోలేదు. రిషికేశ్ శివానంద స్వామి మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో, డాక్టర్‌గా పదేళ్ళు చేసి 1923లో అన్నీ వదిలేసి మన దేశం వచ్చారు, రిషికేశ్ చేరాక మాత్రం అక్కడి సాధువులకీ యాత్రికులకీ వైద్యం చేస్తూ ఉండిపోయారు. ఉద్యోగం వదిలారు, పని వదల్లేదు. ఇది నువ్వు జాగ్రత్తగా ఆలోచించు. మొదటి నెల హాయిగా ఉంటుంది, రెండో నెలా బాగుంటుంది, మూడో నెలలో పొద్దున్న లేచాక ఏం చెయ్యాలో తెలియని ఖాళీ వస్తుంది. అప్పటికి చేతిలో ఏదో ఒక పని ఉండాలి, ఆశ్రమంలో వంటగది సేవైనా, ఊళ్ళో పిల్లలకి లెక్కలు చెప్పడమైనా.

డబ్బు సంగతి. ఏడాది ఈఎంఐలే 4 లక్షల 92 వేలు, ఫ్లాట్ అద్దెకిస్తే కొంత దిగుతుంది. తిరిగొచ్చాక ఉద్యోగం దొరకడానికి ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టేసి అది ముట్టుకోకు. మిగిలేది ఎనిమిది, తొమ్మిది లక్షలు అనుకో, దాంతో రిషికేశ్‌లో దర్జాగా ఉండొచ్చు, జపాన్‌లో ఆ దర్జా కుదరదు. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ లాస్ట్ వర్కింగ్ డేతో ఆగిపోతుంది, నీకూ అమ్మానాన్నలకీ సొంత పాలసీ ఇప్పుడే తీసుకో, ముందు నుంచి ఉన్న జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది కాబట్టి ఎంత ముందు తీస్తే అంత మంచిది. పీఎఫ్ జోలికి వెళ్ళకు. ఈ కంపెనీలో ఐదేళ్ళు నిండడానికి కొద్ది నెలలే ఉంటే గ్రాట్యుటీ కోసమైనా ఆగు.

అమ్మకి ఫిలాసఫీ చెప్పకు. ఎక్కడ ఉంటావో అడ్రస్, ఏ తారీఖుకి తిరిగొస్తావో, ఏ రోజు ఫోన్ చేస్తావో చెప్పు, రాసి ఫ్రిజ్ మీద అంటించి వెళ్ళు. కొడుకు కనబడకుండా పోతాడేమోనని ఆమె బాధ, ఉద్యోగం గురించి కాదు.

ప్రశ్న: మేడమ్ నమస్తే. మా కొడుకు మంచి నౌకరి ఇడిచిపెట్టి ఎనిమిది నెలలాయె. ధర్మశాల కాడ ఏదో ఊర్ల ఉంటున్నడు. వారానికోసారి ఫోన్ చేస్తడు, బాగనే ఉన్న అమ్మా అంటడు. వాళ్ళ నాయన మాట్లాడుతలేడు. చుట్టాలేమో సన్నాసులల్ల కలిసిండా అని అడుగుతున్నరు. వాన్ని ఎట్ల వెనుకకు తెచ్చుకోవాలె? — వరంగల్

జవాబు: అమ్మా, వారం వారం ఫోన్ చేసే కొడుకు మీకు దూరం కాలేదు, ముందు ఆ ధైర్యం పెట్టుకోండి. ధర్మశాల పైన ధరమ్‌కోట్ అనే చిన్న ఊరుంది, అక్కడ టిబెటన్ బౌద్ధం నేర్పే తుషితా కేంద్రం, విపస్సన కేంద్రం రెండూ ఉన్నాయి, దేశదేశాల నుంచి పిల్లలు వచ్చి కోర్సులు చేసి కొన్నాళ్ళుండి వెళ్ళిపోతుంటారు, అక్కడ ఉన్నంత మాత్రాన సన్యాసం తీసుకున్నట్టు కాదు.

వెనక్కి రమ్మని ఫోన్‌లో ప్రతిసారీ అడగకండి, అలా అడిగితే వారానికోసారి చేసేవాడు నెలకోసారి చేస్తాడు. ఏం తింటున్నావు, రూమ్‌లో ఎవరున్నారు, పొద్దున్నుంచి ఏం చేశావు, ఇవి అడగండి, వీడియోలో రూమ్ చూపించమనండి. వీలైతే మీరే వెళ్ళి చూసి రండి, పఠాన్‌కోట్ దాకా రైలు, అక్కడ్నుంచి బస్సులో మూడు నాలుగు గంటలు. వానాకాలం వద్దు, అక్కడ వానలు విపరీతం, అక్టోబర్‌లో బాగుంటుంది. వాళ్ళ నాన్నగారిని కూడా తీసుకెళ్ళండి, కొడుకు ఎదురుగా టీ గ్లాసు పట్టుకుని కూర్చుంటే మాట దానంతటదే వస్తుంది.

ఒక్కటి మాత్రం గమనించండి. నిద్ర మానేశాడని తెలిసినా, మాటల్లో పొంతన లేకపోయినా, ఉన్న డబ్బంతా ఎవరికో ఇచ్చేశానన్నా, ఫోన్‌లు ఉన్నట్టుండి ఆగిపోయినా ఆలస్యం చెయ్యకుండా వెళ్ళి డాక్టర్‌కి చూపించండి. చుట్టాలకి, కోర్సు చదువుకుంటున్నాడు అని చెప్పండి చాలు.

ప్రశ్న: నాకు 41, అమెరికాలో హెచ్‌1బీ వర్క్ వీసా మీద ఉన్నాను, ఆయన నా మీద ఆధారపడిన హెచ్‌4 వీసా, ఒక పాప. పని ఒత్తిడి తట్టుకోలేక మానేసి ఆరు నెలలు ఇండియా, శ్రీలంక, నేపాల్ తిరగాలనుంది. తర్వాత మళ్ళీ రావొచ్చా? — డాలస్

జవాబు: అమ్మాయ్, రిజిగ్నేషన్ మెయిల్ పంపే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక గంట మాట్లాడు, ఆ ఫీజు దగ్గర చూసుకోకు. ఉద్యోగం ఆగిన రోజు నుంచి గరిష్ఠంగా 60 రోజులే అక్కడ ఉండొచ్చు, ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 గడువు అంతకన్నా ముందే అయిపోతే అప్పటిదాకే, ఆయనకీ, పాప కూడా హెచ్‌4 మీదే ఉంటే తనకీ అదే లెక్క. గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 అప్రూవ్ అయ్యుంటే ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్ కార్డు క్యూలో నీ స్థానం, మామూలుగా నీదే, కంపెనీ తర్వాత వెనక్కి తీసుకున్నా పోదు. ఒకసారి హెచ్‌1బీ లాటరీలో ఎంపికై వీసా తీసుకున్నవాళ్ళకి, దాని గడువులో మిగిలిన కాలానికి మళ్ళీ లాటరీ ఉండదు గానీ కొత్త పిటిషన్ వెయ్యాలి, దేశం బయట ఉన్నవాళ్ళ కొత్త పిటిషన్లకి 2025 సెప్టెంబర్‌లో లక్ష డాలర్ల ఫీజు పెట్టారు, అది ఇంకా అమల్లో ఉందో లేదో లాయర్‌ని అడుగు, ఉంటే అంత పెట్టి పిలిచే కంపెనీలు ఎన్నుంటాయి చెప్పు.

అందుకే మానెయ్యడం కంటే లీవు అడగడం మేలు. నీ ఆఫీసు చుట్టూ 75 మైళ్ళలో కంపెనీకి కనీసం 50 మంది ఉండి, నువ్వు చేరి ఏడాది దాటి, గత 12 నెలల్లో 1250 గంటలు పని చేసుంటే, ఆరోగ్యం బాగా దెబ్బతిందని డాక్టర్ రాసిస్తే అక్కడి కుటుంబ, వైద్య సెలవుల చట్టం ఎఫ్‌ఎమ్‌ఎల్‌ఏ కింద 12 వారాలు జీతం లేని లీవు హక్కుగా వస్తుంది, ఉద్యోగం పోదు. ఆ లీవు వైద్యానికీ కోలుకోడానికీ ఇచ్చేది కాబట్టి ఎక్కడికి వెళ్తున్నావో ఆ డాక్టర్‌కే చెప్పి వెళ్ళు. పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు తీరిపోయుంటే మాత్రం దేశం దాటొద్దు, కొత్త స్టాంపింగ్ స్లాట్ల కోసం ఇండియాలో ఇరుక్కుపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు.

ప్రశ్న: రిటైర్మెంట్‌కి రెండేళ్ళుంది, బ్యాంకు ఒత్తిడి భరించలేకపోతున్నాను. వీఆర్‌ఎస్ తీసుకునే ముందు అరుణాచలంలో ఒక నెల ఉండి చూడాలనుకుంటున్నాను. రమణాశ్రమంలో ఇస్తారా? — విజయనగరం

జవాబు: ముందు ఉండి చూస్తానన్నారు, అది చాలా బాగుంది. ఆశ్రమంలో గదికి అద్దె లేదు, కానీ ముందుగా మెయిల్ రాసి అడగాలి, ఇచ్చినా కొద్ది రోజులకే, నెలంతా ఇవ్వరు. మిగతా రోజులకి ఆ చుట్టుపక్కల నెలవారీ గదులు దొరుకుతాయి, తెలుగువాళ్ళు ఎక్కువే కాబట్టి భాష ఇబ్బంది లేదు. గిరిప్రదక్షిణ 14 కిలోమీటర్లు, పౌర్ణమి రోజు లక్షల్లో జనం, మీరు మామూలు రోజు తెల్లవారుజామున నడవండి, ఎండెక్కితే రోడ్డు మీద కాలు పెట్టలేరు. ఆశ్రమం వెనక దారిలో స్కందాశ్రమానికీ అక్కడ్నుంచి కిందికి విరూపాక్ష గుహకీ వెళ్ళొచ్చు, మహర్షి ఆ గుహలో 1899 నుంచి 1916 దాకా ఉన్నారు, లోపల కాసేపు కూర్చోనిస్తారు. మోకాళ్ళ నొప్పులుంటే చేతికర్ర తీసుకెళ్ళండి, రాళ్ళ మెట్లు. కార్తీక దీపం రోజుల్లో మాత్రం గది మీద ఆశ పెట్టుకోకండి, జనవరి, ఫిబ్రవరి చూసుకోండి.