డిక్కీలోంచి గొంతు ఎందుకొస్తోంది?

ప్రశ్న: సార్, నా కారు ముందు డోర్లలో ఆరున్నర అంగుళాల స్పీకర్లు, డిక్కీలో బాస్ కోసం పది అంగుళాల సబ్‌ఊఫర్ పెట్టించాను. సబ్‌కి ఆంప్ (ఆంప్లిఫయర్) మీద లో పాస్, అంటే కింది శబ్దాల్నే పంపే ఫిల్టర్, 80 హెర్ట్జ్‌లోనే ఉంది. అయినా ఘంటసాల పాటలు పెడితే గొంతు వెనక నుంచి కూడా వస్తోంది. పక్కన స్లోప్ అని 12, 24 స్విచ్ ఉంది. ఇప్పుడు 12లో ఉంది. మార్చాలా? - ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మార్చండి. 80 దగ్గర పెడితే ఆ పై శబ్దమంతా ఆగిపోతుందనుకుంటారు చాలామంది. ఆగదండీ, అక్కడి నుంచి తగ్గుతూ పోతుంది. ఎంత వేగంగా తగ్గాలో చెప్పేదే స్లోప్. 12 అంటే ఫ్రీక్వెన్సీ రెట్టింపైనప్పుడల్లా 12 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే 160 దగ్గర సబ్‌కి వెళ్లే పవర్ సుమారు పదహారో వంతు. తక్కువే, కానీ వినబడుతుంది. మగ గొంతులో కింది స్వరాలుండేది ఆ చుట్టుపక్కలే. పైగా 80 దాటి పైకి వెళ్లేకొద్దీ శబ్దం ఎటు నుంచి వస్తోందో చెవి పట్టేస్తుంది. ఘంటసాల గారు డిక్కీ ఎక్కింది అలాగే! 24 పెడితే అదే 160 దగ్గర పవర్ రెండు వందల యాభయ్యో వంతుకు పడిపోతుంది.

ఇంకొకటి చూడండి. డోర్ స్పీకర్లకు హై పాస్ (పై శబ్దాల్నే పంపే ఫిల్టర్) స్టీరియోలో ఒకసారి, ఆంప్‌లో ఒకసారి ఆన్ చేసి వదిలేసే ఫిట్టర్లున్నారు. రెండూ 80లో ఉంటే 12కి 12 కలిసి 24 అవుతుంది, 80 దగ్గరే 6 డెసిబెల్స్ పోతాయి. ముందు గొంతు పలచబడి, వెనకది ఇంకా బయటపడుతుంది. ఒక్క చోటే ఉంచండి.

స్లోప్ మార్చాక ఫేజ్, అంటే సబ్ శబ్దం డోర్ స్పీకర్ల శబ్దంతో కలిసే తీరు, కూడా మారుతుంది. డ్రైవర్ సీట్లో కూర్చుని, తలుపులు మూసి, ఫేజ్ స్విచ్‌ని 0లో ఒకసారి, 180లో ఒకసారి వినండి. డోలు దెబ్బ ఎందులో బిగువుగా ఉంటే అందులో ఉంచేయండి. స్విచ్ లేకపోతే సబ్ ప్లస్, మైనస్ వైర్లు అటూ ఇటూ మార్చినా అదే పని. బాస్ బూస్ట్ మాత్రం సున్నాలో పెట్టండి. సగం కార్లలో గోలంతా దానివల్లే.

ప్రశ్న: ట్వీటర్ (సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్) వైరుకున్న చిన్న కెపాసిటర్ తీసేయొచ్చా? - ఇంకొక పాఠకుడు, ఏలూరు

జవాబు: వద్దు. ఆక్టేవ్‌కు, అంటే ఫ్రీక్వెన్సీ సగమైనప్పుడల్లా, 6 డెసిబెల్స్ తగ్గించే ఫిల్టర్ అదే. తీసేస్తే బాస్ నేరుగా వెళ్లి ట్వీటర్ కాలిపోతుంది.