అప్రైజల్ కంటే ముందే చెప్పాలి

ప్రశ్న: మేడమ్, నా వయసు 27. మాది నరసరావుపేట దగ్గర పల్లె. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా మేనేజర్‌కి 34, ఇంకా పెళ్లి కాలేదు. ఏడాదిగా ఇద్దరం ఇష్టపడుతున్నాం, పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాం. ఆఫీసులో ఎవరికీ తెలియదు. వచ్చే నెల అప్రైజల్స్. నాకు ప్రమోషన్ రావాల్సి ఉంది. ‘అవి అయ్యేదాకా ఎవరి దగ్గరా నోరు విప్పొద్దు’ అంటున్నారు ఆయన. టీమ్‌లో ఒకమ్మాయికి అనుమానం వచ్చినట్టుంది. ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. అసలు ఇది చట్టప్రకారం తప్పా? ఇంట్లో ఎప్పుడు చెప్పాలి?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: పెళ్లికాని ఇద్దరు మేజర్లు ఒకరినొకరు ఇష్టపడటం ఏ చట్టం కిందా నేరం కాదమ్మా. ఆ భయం వదిలేయండి. కంపెనీల రూల్స్ వేరు. మీరు చేరిన రోజు సంతకం పెట్టిన కాగితాల్లో ‘కోడ్ ఆఫ్ కండక్ట్’ అని ఒకటి ఉంటుంది. కొన్ని కంపెనీలు మేనేజర్‌కీ, ఆయన కింద పనిచేసేవాళ్లకీ మధ్య ఇలాంటివి అసలే వద్దంటాయి. కొన్ని, ఉంటే ముందే చెప్పమంటాయి. మీది ఏ రకమో ఇవాళే తీసి చదవండి.

నాకు గుచ్చుకున్నది ‘అప్రైజల్స్ అయ్యేదాకా’ అన్న మాట. మీరు ఎంత కష్టపడి తెచ్చుకున్న ప్రమోషన్ అయినా, మీ రేటింగ్ వేసేది ఆయనే. ఆర్నెల్ల తర్వాత సంగతి బయటపడితే ‘ఓహో, అందుకా’ అంటారు. ఆ మాట పడేది మీరు, ఆయన కాదు. మీ కష్టమంతా దాంతో కొట్టుకుపోతుంది. కాబట్టి చెప్పాల్సింది అప్రైజల్స్ అయ్యాక కాదు, అవి మొదలయ్యేలోపే.

నేను చాలా ఏళ్లు ఒక మందుల కంపెనీలో హెచ్‌ఆర్‌లో పనిచేశాను. ఇప్పుడు లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీల్లో బయటి సభ్యురాలిగా కూర్చుంటున్నాను. 2013 నాటి చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఆ కమిటీ ఉండి తీరాలి. ఒక విచారణలో మా ముందు పెట్టిన వాట్సాప్ మెసేజ్ ఇంకా మర్చిపోలేదు: ‘ఈసారి నీ రేటింగ్ నా చేతిలో ఉంది, జాగ్రత్త’. పక్కన నవ్వే బొమ్మ. ఇద్దరూ బాగున్న రోజుల్లో ఒక మేనేజర్ తన కింద పనిచేసే అమ్మాయికి పంపిన మెసేజ్ అది. విడిపోయాక ఆమె రేటింగ్ నిజంగానే పడిపోయింది. ‘సరదాకి అన్నాను’ అన్నాడతను. అయి ఉండొచ్చు. ఆ అమ్మాయి మాత్రం ‘వద్దనాలనిపించినప్పుడు కూడా రేటింగే గుర్తొచ్చేది మేడమ్’ అంది. ఉద్యోగంలో మేలు చేస్తానని ఆశపెట్టడం, కీడు చేస్తానని బెదిరించడం ఇలాంటి వ్యవహారంతో ముడిపడితే చట్టం దాన్ని వేధింపుగా చూడొచ్చు. ఫిర్యాదుకి గడువు 3 నెలలు. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలల వరకు పెంచొచ్చు. మీకా అవసరం రాకూడదు, కానీ తెలిసి ఉండాలి.

ఇప్పుడు చేయాల్సిన పని ఆయనది. పై స్థానంలో ఉన్నది ఆయన కాబట్టి హెచ్‌ఆర్‌కీ, తన పై అధికారికీ ఆయనే మెయిల్ పెట్టాలి. పెద్ద ఉత్తరం అక్కర్లేదు. ‘మేమిద్దరం పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాం. ఇకపై ఆమె రేటింగ్, జీతం, సెలవుల నిర్ణయాలు నా దగ్గర ఉండకూడదు, వేరే మేనేజర్‌కి అప్పగించండి’ అంటే చాలు. మీకూ ఒక కాపీ రావాలి.

ఆ తర్వాత జాగ్రత్తగా ఉండాల్సింది ఒకచోట. ఇలాంటప్పుడు చిన్న ఉద్యోగంలో ఉన్న అమ్మాయినే కదిలించి, ప్రాజెక్ట్ ఏదీ ఇవ్వకుండా బెంచ్ మీద కూర్చోబెట్టడం కంపెనీలకు తేలిక. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు మండుతుంది. మీ ప్రాజెక్ట్, గ్రేడ్, జీతం మారకుండా రిపోర్టింగ్ మాత్రమే మార్చమని రాతపూర్వకంగా అడగండి.

‘చెప్తే నా కెరీర్ పోతుంది’ అని ఆయన అంటే నెస్లే సంగతి చెప్పండి. 1986 నుంచి ఆ కంపెనీలోనే ఉన్న సీఈఓ లోరాన్ ఫ్రెక్స్‌ని 2025 సెప్టెంబర్‌లో తీసేశారు. తన కిందే నేరుగా పనిచేస్తున్న ఉద్యోగితో ఉన్న ప్రేమ సంబంధాన్ని కంపెనీకి చెప్పకుండా దాచారన్నది బోర్డు తేల్చిన విషయం. దాచడం వల్ల ఆయనకూ ఒరిగేదేమీ లేదు.

ఇంత చెప్పాక కూడా ఆయన ‘ముందు ప్రమోషన్ రానీ’ అంటే, మీరే హెచ్‌ఆర్‌ని కలవండి. మీ గురించి ఎవరూ చాటున ఒక్క మాట అనకూడదని ఆయనకు మీకంటే ఎక్కువగా ఉండాలి కదా? లేకపోతే పెళ్లి గురించి కూడా ఇంకాస్త ఆలోచించండి.

ఇంట్లో చెప్పడానికి అంత తొందర లేదు. రిపోర్టింగ్ మారాక, ముందు అమ్మగారితో మాట్లాడండి. ‘అబ్బాయి ఏం చేస్తాడు?’ అని నాన్నగారు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి: అదే కంపెనీ, ఒకప్పుడు మా మేనేజర్, ఆఫీసులో అందరికీ తెలుసు అని.