'అవాంఛిత కుమార్తె'ను తెలుగులో ఏమనాలి?

సందేహం: అడెలిన్ యెన్ మా ఆత్మకథ 'ఫాలింగ్ లీవ్స్' (1997) గురించి మా లైబ్రరీ మీటింగ్‌లో మాట్లాడాలి. అందులో ఆమె తనను 'అన్‌వాంటెడ్ చైనీస్ డాటర్' అని చెప్పుకుంది. నేను 'అవాంఛిత చైనా కుమార్తె' అని రాసుకుంటే మా ఆవిడ నవ్వింది. తప్పేమిటి? ఆమె 'నియాంగ్' అని పిలిచే సవతి తల్లిని 'పిన్ని' అనవచ్చా?

సమాధానం: వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. కానీ మీ ఆవిడ నవ్వడం న్యాయమే. తెలుగులో 'అవాంఛిత' పక్కన ఇప్పుడు మిగిలినవి రెండే మాటలు: గర్భం, రోమాలు. ఒకటి ఆసుపత్రి గోడ మీద, రెండోది బ్యూటీ పార్లర్ బోర్డు మీద కనిపిస్తాయి. వాటి పక్కన కుమార్తెను నిలబెడితే నవ్వు రాక ఏం చేస్తుంది? 'చైనా కుమార్తె' అంటే చైనా దేశం కన్న బిడ్డ అనిపిస్తుంది కూడా. 'చైనా కుటుంబంలో' అంటే గొడవ ఉండదు.

పోనీ 'వద్దనుకున్న కూతురు' అందామా? అలా అంటే పుట్టకముందే వద్దనుకున్నారని అర్థం వస్తుంది. ఇక్కడ కథ అది కాదు. ఈమె 1937లో తియాన్జిన్‌లో పుట్టింది, కొద్ది రోజులకే తల్లి పోయింది. దాంతో పుడుతూనే తల్లిని పొట్టన పెట్టుకున్న పిల్ల అయింది.

అదీగాక, వద్దనడానికీ అక్కర్లేదనడానికీ తేడా ఉంది. భోజనాల దగ్గర పెరుగు వడ్డించబోతే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి 'వద్దు' అంటాం. అంటే పెరుగును చూశాం, కాదన్నాం. 'అక్కర్లేదు' అంటే అది ఉన్నా లేకపోయినా ఒకటే. పుస్తకంలో ఒక చోట ఈ తేడా కళ్ళకు కడుతుంది. 1948లో తండ్రి ఆమెను షాంఘై నుంచి తియాన్జిన్‌కు విమానంలో తీసుకెళ్తుంటాడు. ఫారం నింపాలి. కూతురి చైనా పేరు ఆయనకు గుర్తులేదు, పుట్టినరోజూ గుర్తులేదు. చివరికి తన పుట్టినరోజు, నవంబరు 30, వేసేస్తాడు. ఆ తేదీయే ఆమెకు ఖాయమైపోయింది. ఆయనది వద్దనడం కాదు, అక్కర్లేకపోవడం.

అలాగని 'ఎవరికీ అక్కర్లేని' అనకండి. మేనత్త ఉంది, తాతయ్య ఉన్నాడు. ఈమె తెచ్చిన ప్రోగ్రెస్ రిపోర్టులను ఆ మేనత్త తాళం వేసి మరీ దాచుకుంది. (ఆవిడను పుస్తకంలో 'ఆంట్ బాబా' అంటారు. మీరు మేనత్త అనే చెప్పండి, లేకపోతే సభలో సగం మందికి సాయిబాబా గుర్తొస్తాడు.)

నన్నడిగితే 'అయినవాళ్ళలో కానిపిల్ల' అంటాను. అయినవాళ్ళు, కానివాళ్ళు అన్న జంటను మనం రోజూ వాడుతూనే ఉంటాం. అయినవాళ్ళకు ఆకుల్లో, కానివాళ్ళకు కంచాల్లో అన్న సామెత కూడా ఉంది. అన్నలూ అక్కా చెల్లీ తమ్ముడూ అందరూ ఉన్న ఇంట్లో పెరిగినా ఆమె కానిదైపోయింది. ఆ బాధ ఈ మాటలో ఉంది.

ఇక నియాంగ్. చైనా భాషలో ఆ మాటకూ అర్థం అమ్మే. చనిపోయిన తల్లిని పిల్లలు 'మామా' అనేవారు కాబట్టి, కొత్తగా వచ్చినావిడను వేరే మాటతో పిలవమని నానమ్మ చెప్పింది. మన ఇళ్ళలోనూ ఇదే పద్ధతి. పోయిన తల్లి అమ్మ, తరవాత వచ్చినావిడ పిన్ని. కాబట్టి మీ ఊహ సరైనదే. చిక్కల్లా ఏమిటంటే, వినేవాళ్ళు ఆమెను తల్లికి చెల్లెలనుకుంటారు. ఈవిడ సగం ఫ్రెంచ్, ఆ తల్లికి చెల్లెలు కాదు. పిలుపుగా నియాంగ్‌ను అలాగే ఉంచి, మీరు కథ చెప్పేటప్పుడు 'మారుతల్లి' అనండి. 'సవతి తల్లి' తప్పు కాదు గానీ, పత్రికలు నిధులివ్వని ప్రతి ప్రభుత్వానికీ 'సవతి తల్లి ప్రేమ' అంటగట్టి ఆ మాటను అరగదీశాయి. ఆ మాట వినగానే ఆవిడ ఎలాంటిదో సభ తేల్చేసుకుంటుంది. అది మీరు చెప్పబోయే కథలోంచి తెలియనివ్వండి.