అమెరికా వెళ్తున్న మా ఫాదర్ గారికి

స్తోత్రం ఫాదర్ గారూ. వరసకు మీరు నా మేనల్లుడే అయినా, గురుపట్టాభిషేకం జరిగి ఫాదర్ అయినప్పటి నుంచి నా నోటికి 'నువ్వు' రావట్లేదు, ఏమనుకోకండి.

మిమ్మల్ని అమెరికాలో ఒక విచారణకు, అంటే ఒక గుడినీ దాని కిందున్న కుటుంబాలనూ చూసుకోవడానికి, పంపుతున్నారని మీ అమ్మ చెప్పింది. బయల్దేరేలోపు పునీత జాన్ న్యూమన్ గారి జీవితం చదవండి. అదే పేరున్న ఇంగ్లండ్ కార్డినల్ గారిది కాదు, ఫిలడెల్ఫియా బిషప్ గారిది. ఆయనా వలస వెళ్లినవారే. 1811లో బొహీమియాలో, అంటే ఇప్పటి చెక్ దేశంలో పుట్టారు. 1836లో ఓడెక్కి న్యూయార్క్‌లో దిగితే, నెల తిరక్కుండానే అక్కడ పట్టాభిషేకం చేసి, నయాగరా వైపు అడవి కొట్టి సేద్యం చేసుకుంటున్న జర్మన్ల దగ్గరకు పంపారు.

1852లో ఫిలడెల్ఫియా బిషప్ అయ్యారు. అంతకు ఎనిమిదేళ్ల ముందే ఆ ఊళ్లో వలస కాథలిక్కుల మీద అల్లర్లు జరిగి గుళ్లు తగలబడ్డాయి. ఈయన యాస, పొట్టి ఆకారం అక్కడి గొప్పవాళ్లలో కొందరికి నచ్చలేదు. ఆయన అదేమీ పట్టించుకోలేదు. ఇంగ్లీషు రాని ఐరిష్ వాళ్లు పాపసంకీర్తనం, అంటే గురువు దగ్గర తమ పాపాలు ఒప్పుకోవడం, తమ మాటల్లోనే చెప్పుకోవాలని వాళ్ల భాష నేర్చుకున్నారు. ఇటాలియన్లకు వేరే విచారణ పెట్టించారు. బడులు కట్టించారు కూడా, కానీ నాకు అన్నిటికంటే ఆ పాపసంకీర్తనం సంగతే పెద్దదిగా కనిపిస్తుంది.

మన నెల్లూరు మేత్రాసనం, అంటే బిషప్ గారి కింద ఉండే ప్రాంతం, 1928లో ఏర్పడింది. మొదటి బిషప్ విలియం బౌటర్ గారు మిల్ హిల్ అనే మిషనరీ సభవారు, యూరప్ నుంచి వచ్చినవారే. ఇప్పుడు మీరు అదే దోవలో ఎదురు వెళ్తున్నారు. వేదపాఠం చెప్పే ఉపదేశిగా కందుకూరు చుట్టుపక్కల పల్లెల్లో నేను చూసింది చెప్తాను. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన గురువులు ప్రసంగంలో తప్పు మాట్లాడితే జనం నవ్వుకుని ఊరుకుంటారు. జబ్బు మనిషిని చూడ్డానికి రాకపోతే మాత్రం ఏళ్ల తరబడి చెప్పుకుంటారు.

అందుకని యాస గురించి టెన్షన్ పడకండి. ప్రసంగం రాసుకుని నిదానంగా చదవండి. మన తెలుగు స్పీడుతో ఇంగ్లీషు మాట్లాడితే వాళ్లకు అందదు. చెవికి మాత్రం వాళ్ల మాట బాగా అలవాటు చేయండి. పాపసంకీర్తనంలో 'మళ్లీ చెప్పండి' అని అడిగితే ఎవరికైనా ప్రాణం చచ్చిపోతుంది. వీలైతే స్పానిష్ కూడా మొదలుపెట్టండి, అక్కడ గుళ్లకు వచ్చేవాళ్లలో అది మాట్లాడేవాళ్లు చాలామంది. తెలుగువాళ్లు భోజనానికి పిలుస్తారు, వెళ్లండి, కానీ మీ విచారణ ఇళ్లు ముందు. ఫోన్ చేయకుండా ఎవరి తలుపూ తట్టకండి, అది మన పల్లె కాదు.

ఒక్క విషయంలో న్యూమన్ గారి దోవ వద్దు. 1860 జనవరిలో పని మీద బయటికెళ్లి వీధిలోనే కూలిపోయి చనిపోయారు, 48 ఏళ్లకే. 1977లో పునీతుడిగా ప్రకటించారు, సంతోషమే, కానీ మీ అమ్మ సంగతి చూడాలి కదా. వేళకు తినండి, వంట నేర్చుకునే వెళ్లండి. చలికోటు ఇక్కడ కొనకండి, అక్కడి చలికి ఆగదు.

టికెట్ తేదీ తేలగానే చెప్పండి, చెన్నై ఎయిర్‌పోర్టుకు కారు నేను మాట్లాడతాను.

మీ మామయ్య