బడి నాటకంలో ప్రాంప్టింగ్ చేసినవాడి జవాబు

మీ అబ్బాయికి బడి నాటకంలో వేషం దక్కలేదనీ, తెర చాటు నుంచి నటులకు మాటలు అందించే ప్రాంప్టింగ్ అప్పగించారని దిగులుగా ఉన్నాడనీ రాశారు. నాదీ అదే పని. 1993 ఫిబ్రవరి, నెల్లూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, పదో తరగతి. నా గొంతు కీచుగా ఉందని తెలుగు మాస్టారు కాగితాలు చేతికిచ్చి పక్క తెర చాటున నిలబెట్టారు. రెండు రోజులు అన్నం సయించలేదు.

మా జిల్లాలోని దూబగుంట అనే ఊళ్ళో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించిన కబురు అప్పటికే జిల్లా అంతా పాకి, ఊరూరా ఉద్యమం నడుస్తోంది. మాస్టారు దాని మీదే అరగంట నాటిక రాశారు. తాగుబోతు తండ్రి, చివర్లో మారిపోవడం. 1880లో రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులు గారు నాటకం వేయించింది తన విద్యార్థుల చేతనే, మీరేం తక్కువ అని రోజూ ఊదరగొట్టేవారు.

ఆడపిల్లలను మగపిల్లలతో కలిసి వేషం కట్టనిచ్చే రోజులు కావవి. భార్య వేషం తొమ్మిదో తరగతి కుర్రాడికి పడింది. వాళ్ళ అమ్మ చీర కట్టుకుని, నాలుగు అడుగులకోసారి కుచ్చిళ్ళు తొక్కుకుని పడేవాడు. చివరకు మా తరగతి అమ్మాయిలే నడుముకు బెల్టు బిగించి, కుచ్చిళ్ళు అందులో దోపి పంపారు. సారా అప్పట్లో ప్లాస్టిక్ ప్యాకెట్లలో అమ్మేవారు. మేము పాలిథిన్ కవర్లలో నీళ్ళు పోసి, అంచును హాక్సా బ్లేడుకు ఆనించి కొవ్వొత్తి మంటకు అంటించాము. ఇరవై చేస్తే పదిహేను కారాయి.

తాగుబోతు వేషం నా బెంచీవాడిది. మొదటి రోజే మాస్టారు చూపించకుండానే నడిచి చూపించాడు. తూలడం కాదు, తూలకుండా ఉండడానికి మనిషి పడే పాట్లు. గుమ్మం దగ్గర ఆగి, చెప్పులు విడిచి, వాటిని జాగ్రత్తగా జతగా సర్ది, అప్పుడు లోపలికి వచ్చి కంచం విసిరేవాడు. చెప్పులు సర్దే ముక్క మాస్టారు రాసింది కాదు. మేము పడీ పడీ నవ్వేవాళ్ళం. అది ఎక్కడ చూసి నేర్చుకున్నాడో అడగాలని ఎవరికీ తోచలేదు.

మైకు సెట్టు అద్దెకు తెస్తే మూడే మైకులు వచ్చాయి. రెండు వేదిక ముందు పెట్టారు, మూడోది సరిగ్గా నా చెవి పక్కన. మొదటి రంగంలోనే నేను అందించిన మాటలు కొన్ని నటుల కన్నా ముందే జనానికి చేరాయట. ఆ సంగతి నాకు తర్వాత గానీ తెలియలేదు.

ఆ రాత్రి అతను చెప్పులు సర్దగానే జనం గొల్లుమన్నారు. ఆడవాళ్ళు కూర్చున్న వైపు మాత్రం నవ్వు లేదు. వెనక, సైకిళ్ళు ఆనించిన గోడ దగ్గర వాళ్ళ నాన్న నిలబడి ఉండడం తెర సందులోంచి నాకు కనిపిస్తూనే ఉంది.

చివర్లో భార్య చేతిలో చెయ్యి వేసి "ఇక జన్మలో సారా ముట్టను" అనాలి. చెయ్యి వేశాడు, ఆగాడు. నేను అందించాను. పలకలేదు. మళ్ళీ అందించాను. మూడోసారి కాస్త గట్టిగా అన్నాను. నా కీచు గొంతు మైకులోంచి మైదానమంతా మోగింది. ఎవరన్నారో పట్టించుకోకుండా జనం చప్పట్లు కొట్టారు. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మాస్టారు గబగబా తెర వేయించారు.

కొబ్బరినూనె గుడ్డతో కాటుక మీసం తుడుచుకుంటుంటే, మరిచిపోయావా అని అడిగాను.

"లేదు. ఆ మాట మా ఇంట్లో చాలాసార్లు విన్నాను" అన్నాడు.

ఆ అక్టోబరు 1న రాష్ట్రంలో సారాను నిషేధించారు. అప్పటికి మేము ఆ బడి వదిలేశాము.

మరిచిపోయి ఆగినవాడి కళ్ళు మీవాడి కోసం వెతుకుతాయి. కావాలని ఆగినవాడు ఇటు చూడడు. ఇంత చిన్న తేడా నాకు ఆ రాత్రి తెలియలేదు. ఎవరు ఎక్కడ కావాలని ఆగుతారో ముందే ఒక్కొక్కరినీ అడిగి, కాగితం మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకోమనండి. మైకు ఎక్కడ పెట్టారో కూడా ఒకసారి చూసుకోమనండి.