నడక మానొద్దు, బరువులు కూడా ఎత్తండి

ప్ర: మేడమ్, నా వయసు 37. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు. బ్యాంకులో ఉద్యోగం, రోజంతా కూర్చునే ఉంటాను. ఏడాదిగా తెల్లవారుజామునే గోదావరి గట్టు మీద గంటసేపు నడుస్తున్నాను. రాత్రిపూట అన్నం మానేసి పండ్లు, గ్లాసు పాలతో సరిపెట్టుకుంటున్నాను. మొదట్లో 4 కిలోలు తగ్గాను, ఆ తర్వాత ముల్లు కదలడం లేదు. మొహం, చేతులు పీక్కుపోయాయి. పొట్ట మాత్రం అలాగే ఉంది, చుట్టుకొలత 92 సెంటీమీటర్లు. జిమ్‌లో చేరతానంటే, బరువులెత్తితే మగరాయుడిలా తయారవుతావని అత్తగారు అంటున్నారు. ఇన్‌స్టాగ్రామ్‌లో చూస్తే క్వినోవా, అవకాడో తినమంటున్నారు. మా ఇంట్లో అవి కుదరవు. గుడ్లు తింటాను, చికెన్ ఎప్పుడైనా. ఏం చేయమంటారు?
— ఒక సోదరి, రాజమహేంద్రవరం

జ: అమ్మా, ఏడాది పాటు తెల్లవారుజామునే లేచి నడవడం చిన్న విషయం కాదు. ఆ అలవాటు వదలకండి. మీ కష్టంలో లోపం లేదు, దానికి తోడు కావాల్సినవి రెండు, బరువుల వ్యాయామం, ప్రొటీన్, అందలేదు, అంతే.

మొహం, చేతులు పీక్కుపోయి పొట్ట అలాగే ఉందన్నారు చూడండి, అసలు సంగతి అక్కడే ఉంది. తిండి తగ్గించి నడక ఒక్కటే పెట్టుకుంటే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. పైగా మన భారతీయుల ఒంట్లో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ కలిసి 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫొటో వేసి ఈ సంగతి చూపించారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, ఒకటే. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కి 9 శాతం, యాజ్ఞిక్‌కి 21 శాతం. అందుకే మీరు ఇకనుంచి తూకం మీద కన్నా టేపు మీద నమ్మకం పెట్టుకోండి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో టేపు చుట్టి, పొట్ట లోపలికి పీల్చకుండా, ఊపిరి వదిలాక కొలవాలి. మన ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలని వైద్యులు చెబుతారు. పదిహేను రోజులకోసారి కొలిస్తే చాలు. కండ పెరుగుతూ కొవ్వు తగ్గేటప్పుడు తూకం కొన్ని వారాలు కదలకపోవచ్చు, కానీ జాకెట్టు వదులవుతుంది. కంగారు పడకండి.

అత్తగారి భయానికి జవాబు చెప్తాను, కోపం తెచ్చుకోకుండా వినిపించండి. మగవాళ్ళలా కండలు రావాలంటే టెస్టోస్టెరాన్ అనే హార్మోన్ బాగా ఉండాలి. ఆడవాళ్ళలో అది మగవాళ్ళలో ఉండేదానిలో పదో వంతు కూడా ఉండదు. మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి పతకం తెచ్చింది. మల్లీశ్వరి ఫొటో ఒకసారి అత్తగారికి చూపించండి. ఆవిడ ఇన్నేళ్ళూ వంటింట్లో జరిపిన నిండు గ్యాస్ బండ 30 కిలోలకి అటూ ఇటూగా ఉంటుందని కూడా చెప్పండి. నిజానికి ఆవిడ వయసులో ఎముకలు గుల్లబారకుండా ఉండాలంటే బరువుల వ్యాయామం ఆవిడకీ మంచిదే. డాక్టర్ సరేనంటే ఇద్దరూ కలిసి చేయండి.

జిమ్ తప్పనిసరి కాదు. 3, 5 కిలోల డంబెల్స్ ఒక్కో జత చాలు. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విరామం. కుర్చీ అంచుకి తాకి లేచే స్క్వాట్లు, వంటింటి గట్టుకి చేతులానించి పుషప్స్, ముందుకి వంగి డంబెల్‌ని నడుము దాకా లాగడం, భుజాల మీంచి పైకెత్తడం. ఒక్కోటి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, మూడు విడతలు. చివరి రెండు సార్లూ పళ్ళ బిగువున చేస్తే ఆ బరువు మీకు సరిపోయినట్టు. పన్నెండూ సునాయాసంగా వస్తున్నాయంటే బరువు పెంచాలి. చాలామంది ఏడాది పాటు అదే రెండు కిలోలు పట్టుకుని ఊపుతుంటారు, ఫలితం రాలేదని మానేస్తారు. చూస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

ఐదోది డెడ్‌లిఫ్ట్, అంటే వీపు వంచకుండా తుంటి దగ్గర వంగి బరువు పైకి లేపడం. దీన్ని గోడ దగ్గర నేర్చుకోండి. గోడకి జానెడు దూరంలో, వీపు గోడవైపు పెట్టి నిలబడండి. మోకాళ్ళు కాస్త సడలించి, వీపు నిటారుగా ఉంచి, పిరుదులు వెనక్కి తోసి గోడకి తాకించండి. తాకగానే పాదాలతో నేలని అదిమి లేవండి. తొడల వెనక లాగినట్టుంటే సరిగ్గా వస్తోంది. నడుములో లాగితే వీపు వంగుతోందని గుర్తు. ఇది కుదిరాక అరడుగు ముందుకి జరిగి మళ్ళీ చేయండి, అదీ కుదిరాకే చేతిలోకి డంబెల్స్ తీసుకోండి.

బరువుల రోజున ముందు బరువులు, తర్వాత ఇరవై నిమిషాల నడక. మిగతా రోజుల్లో ముప్పావు గంట నడవండి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం ఉండాలి. వారంలో ఒక రోజు మాత్రం నిమిషం పాటు బాగా జోరుగా, రెండు నిమిషాలు మామూలుగా, ఇలా మార్చి మార్చి నడవండి. ఘాట్ మెట్లు ఎక్కి దిగినా మంచిదే, తడి లేని చోట చూసుకుని.

ఇక తిండి. పొద్దున మూడు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం, పప్పుచారు, కూర, పెరుగు, రాత్రి పండ్లు, పాలు అనుకుందాం. అన్నీ కలిపినా ప్రొటీన్ 35 గ్రాములు దాటదు. బరువులు ఎత్తుతూ కొవ్వు తగ్గాలంటే మీకు 75 నుంచి 80 గ్రాములు కావాలి. దానికి క్వినోవా అక్కర్లేదు. పొద్దున 60 గ్రాముల పెసలతో పెసరట్లు, రెండు ఉడికించిన గుడ్లు తింటే 26 గ్రాములు వచ్చేస్తాయి. మధ్యాహ్నం పప్పుచారు బదులు ముద్దపప్పో ఆకుకూర పప్పో గట్టిగా వేసుకోండి. మనిషికి 40 గ్రాముల కందిపప్పు పడాలి. ఒక్కసారి కాటా మీద తూచి చూడండి, ఇన్నాళ్ళూ ఎంత తక్కువ తింటున్నారో మీకే తెలుస్తుంది. దాంతో కప్పున్నర అన్నం, పెద్ద కప్పు పెరుగు, అన్నంకన్నా ఎక్కువ కూరగాయలు. సాయంత్రం గుప్పెడు సెనగల గుగ్గిళ్ళు. రాత్రి రెండు జొన్నరొట్టెలు, వాటిలోకి పనీరో, మీల్ మేకరో, చికెనో. పండ్లు, పాలతో పడుకోవడం మానేయండి.

నూనె లెక్క కూడా చూసుకోండి. నలుగురున్న ఇంట్లో నెలకి 5 లీటర్లు అవుతోందంటే మనిషికి రోజుకి 38 గ్రాములు, అంటే దాదాపు 340 కేలరీలు. 3 లీటర్లకి తెస్తే 23 గ్రాములకి దిగుతుంది. ఒక్కరి కోసం వేరే వంట చేసుకోవడం కన్నా ఇంటిల్లిపాదికీ నూనె తగ్గించడం సులువు.

ఒకసారి థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోండి. ఏడాదిగా చేయించకపోతే మరీ ముఖ్యం.

ప్ర: అక్కా, నాకు 20 ఏళ్ళు. ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు. సిక్స్ ప్యాక్ కోసం అన్నం పూర్తిగా మానేసి ప్రొటీన్ పౌడర్ తాగమని జిమ్ ట్రైనర్ అంటున్నాడు. హాస్టల్లో ఉంటాను.
— డిగ్రీ విద్యార్థి, వరంగల్

జ: తమ్ముడూ, నువ్వు తగ్గాల్సింది ఏమీ లేదు. అన్నం మానేస్తే బరువులెత్తే ఓపిక కూడా పోతుంది. మెస్‌లో పెట్టేది కడుపునిండా తిను. దానికి తోడు రోజుకి నాలుగు గుడ్లు, అర లీటరు పాలు, గుప్పెడు వేయించిన పల్లీలు. ఇవే 45 గ్రాములకి పైగా ప్రొటీన్ ఇస్తాయి. పౌడర్ ఒక స్కూప్‌లో ఉండేది ఇంచుమించు నాలుగు గుడ్లంత. డబ్బులుంటే తాగు, లేకపోతే అప్పు చేసి తాగాల్సిన వస్తువు కాదు. లేబుల్ లేకుండా విడిగా అమ్మేది మాత్రం ఎవరిచ్చినా వద్దు. డబ్బా మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు ఉండాలి.

ప్ర: నాకు 46 ఏళ్ళు, ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ణి. షుగర్‌కి గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. పరగడుపున పరిగెడితే కొవ్వు త్వరగా కరుగుతుందని విని మొదలుపెట్టాను. మొన్న చేతులు వణికి, చెమటలు పట్టాయి. కొనసాగించవచ్చా?
— కరీంనగర్

జ: వద్దు మాస్టారూ, ఇవాళే ఆపేయండి. గ్లిమెపిరైడ్ మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. పరుగేమో రక్తంలోని చక్కెరని కండల్లోకి లాగేస్తుంది. రెండూ కలిస్తే షుగర్ 70 కన్నా కిందికి పడిపోతుంది. ఆ వణుకు, చెమట దాని గుర్తులే. ఖాళీ కడుపుతో చేస్తే కొవ్వు ఎక్కువ కరుగుతుందన్న మాటకీ బలం లేదు. రోజు మొత్తం మీద తిన్నదీ ఖర్చు పెట్టిందీ ఎంతన్నదే లెక్క.

భోజనం చేశాక పది, పదిహేను నిమిషాలు నడవండి. తిన్న తర్వాత ఎగిసే షుగర్ దాంతో తగ్గుతుంది. వారానికి రెండు రోజులు బరువులు మొదలుపెట్టండి, చక్కెరని అన్నిటికన్నా ఎక్కువ వాడుకునేది కండే. అయితే ముందు కంటి డాక్టరుతో రెటీనా చూపించుకోండి. అక్కడ రక్తనాళాలు దెబ్బతిని ఉంటే పెద్ద బరువులు ఎత్తకూడదు. వ్యాయామానికి వెళ్ళేటప్పుడు జేబులో చక్కెర పొట్లం ఉండాలి. మళ్ళీ వణుకు వస్తే మూడు చెంచాలు నీళ్ళలో కలుపుకుని తాగి, పావుగంటకి షుగర్ చూసుకోండి. మొన్న జరిగింది మీ డాక్టరుకి ఈ వారంలోనే చెప్పండి, మాత్ర మోతాదు ఆయన మార్చాల్సి రావచ్చు.